పాస్‌పోర్టు నంబరు అడిగిన గొంతు

రెండు రోజులుగా అస్లం ఫోను స్విచ్ఛాఫ్ అనే వస్తోంది. సౌదీలోని దమ్మాంలో కంపెనీ లారీ నడిపే ఆయన, ఎంత పని ఉన్నా రోజుకో మిస్డ్ కాల్ ఇవ్వకుండా ఉండడు. అందుకే కోరుట్లలో ఆయన భార్య ఫిర్దోస్, ఫోను మోగితే చాలు, కుట్టుమిషను ఆపేసి పరుగెత్తుతోంది.

ఆ శుక్రవారం ఉదయం మోగినప్పుడు కొత్త నంబరు కనిపించింది.

"అస్లం గారి ఇల్లేనా? గల్ఫ్ బీమా ఆఫీసు నుంచి మేడం."

ఆ గొంతు ఆమెకు తెలుసు. పది రోజుల కిందట రెండుసార్లు చేసి, పాలసీ తీసుకొమ్మని వెంటపడ్డాడు. వద్దని పెట్టేసింది. ఇప్పుడూ పెట్టేయబోయింది.

"ఫోన్ పెట్టకండి. మీవారి లారీకి యాక్సిడెంట్ అయింది."

ఫిర్దోస్ గోడకు ఆనుకుంది.

"ప్రాణానికేం భయం లేదు. పోలీసులు పట్టుకున్నారు. ఈ రోజే పాలసీ రాస్తే మా వకీలు వెళ్లి విడిపిస్తాడు. పాస్‌పోర్టు నంబరు, ఏటీఎం కార్డు మీదున్న అంకెలు, పిన్ను, ఈ మూడూ చెప్పండి చాలు."

"మీరు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?" అంది. "ఆయనను వాళ్ల అమ్మ ఏమని పిలుస్తదో చెప్పుండ్రి."

అతను తడుముకోలేదు. "మున్నా అని. నన్నూ అట్లనే పిలవమన్నాడు మేడం, పాపం ఏడుస్తున్నాడు."

ఆ పేరు ఇంటి గడప దాటి ఎరుగదు.

"మూడు గంటల్లోగా వివరాలు కావాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. చెబితే కేసు పెద్దదవుతుంది," అని పెట్టేశాడు.

అత్త అక్తర్ బేగం అప్పటికే గుండెలు బాదుకుంటోంది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూలోనే. "ఇంకా ఏం చూస్తున్నవ్ బేటా, అడిగింది చెప్పెయ్. నా కొడుకు జైల్ల ఉన్నడు," అంది.

ఫిర్దోస్ ఇనప్పెట్టె తెరిచి పాస్‌పోర్టు జిరాక్సు తీసింది. ఎవరికీ చెప్పొద్దన్న మాటే ఆమెకు మింగుడుపడటం లేదు. మేలు చేసేవాడికి అంత దాపరికం ఎందుకు?

దమ్మాంలో అస్లంతో ఒకే గదిలో ఉండే ఏసయ్యది మేడిపల్లి. ప్రతి శుక్రవారం అతనికి సెలవు. సొంత ఫోను లేదు కాబట్టి, మన లెక్కన మధ్యాహ్నం రెండింటికి బూత్ నుంచి భార్య కనకవ్వకు ఫోన్ చేస్తాడు. అతన్ని అడిగితే తెలిసిపోతుంది. కనకవ్వ నంబరుకు చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. అరగంట తర్వాత కూడా ఎంగేజే.

"నేను మేడిపల్లి పోయొస్త. ఎవరొచ్చి అడిగినా ఏం చెప్పకు అమ్మీ," అని ఫోనూ, జిరాక్సూ జాకెట్లో దోపుకుని, బురఖా వేసుకుని బయలుదేరింది.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బస్సులు డిపో దాటడం లేదు. ఆ రోజు ఆటోలు కూడా బంద్. పాల క్యాన్లతో మోపెడ్ మీద వెళ్తున్న రాజమౌళి తెలిసినవాడు కావడంతో ఆపింది. విషయం విని, "కూసో అక్కా," అన్నాడు.

మేడిపల్లి ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటావార్పు జరుగుతోంది. పెద్ద గుండిగల కింద పొయ్యిలు మండుతున్నాయి. జై తెలంగాణ నినాదాల మధ్య ఇద్దరు మనుషులు మోపెడ్‌ను ఆపేశారు. "పాల బండైనా గంట ఆగాలె," అన్నారు. ఫిర్దోస్ వాచీ చూసుకుంది. ఒకటిన్నర. అక్కడే వంకాయలు కోస్తున్న ఒక అమ్మాయి లేచి వచ్చింది. కనకవ్వ కూతురు సరిత. సమ్మెకు కాలేజీ మూతపడటంతో ఇంటర్ పిల్లలంతా అక్కడే ఉన్నారు.

"చిన్నమ్మా, నువ్వేంది గీడ?"

"మీ బాపు ఫోన్ చేసే యాళ్లయింది. మీ ఇంటికి తీస్కపో బిడ్డా, జల్ది."

ఆమె మొహం చూసి సరిత ఇంకేం అడగలేదు. పొలం గట్ల వెంట అడ్డదారిన తీసుకెళ్లింది.

కనకవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఏటీఎం కార్డు. కూతుర్ని చూడగానే కేకేసింది.

"ఏడికి పోయినవే? సార్ పొద్దటి సంది అంకెలు అడుగుతుండు. నాకు సదువస్తదా? దా, సదివి చెప్పు."

"ఏ సార్ అక్కా?" అంది ఫిర్దోస్.

కనకవ్వ ఫోన్ మీద అరచెయ్యి పెట్టి ఏడ్చేసింది. "మీ అన్నను లారీ గుద్దిందట చెల్లె. దవాఖానల ఉన్నడట. అంకెలు చెప్తెనే ఆపరేషన్ చేస్తరట."

ఫిర్దోస్ ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుంది. హలో అంటున్నది పొద్దుటి గొంతే. "పొద్దుగాల మా ఆయనకు అన్నవ్. ఇప్పుడు ఏసన్నకా?"

అతను నిమ్మళంగా అన్నాడు. "రెండూ ఒకటే యాక్సిడెంట్ మేడం. మీ ఆయన లారీయే ఆయన్ని గుద్దింది. అందుకే కేసు."

దొంగ దొరికాడనుకున్న ఫిర్దోస్‌కు మళ్లీ అనుమానం పట్టుకుంది. ఆ మాట పక్కనున్న కనకవ్వకూ వినబడింది. కనకవ్వ ఆమె వైపు చూసిన చూపులో అప్పుడే ఏదో మారింది.

"నిజమేనా ఫిర్దోసూ? గుద్దింది మీ ఆయనేనా?"

"నాకేం తెల్వదు అక్కా. రెండింటికి అన్న చేస్తడు కద. చెయ్యకుంటే అప్పుడు అంకెలు చెప్దాం." ఫోన్ కట్ చేసింది.

వెంటనే అదే నంబరు మోగింది. సరిత కట్ చేసింది. మళ్లీ మోగింది. వీడు లైను పట్టుకుని ఉంటే ఏసయ్య ఫోన్ ఎట్లా కలుస్తుంది? మోగిన ప్రతిసారీ సరిత కట్ చేస్తూనే ఉంది. పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఫోన్లో ఛార్జింగు ఒక్క గీత మిగిలింది. రెండు దాటింది. కనకవ్వ గోడకున్న సిలువ వైపు తిరిగి పెదాలు కదుపుతోంది. ఫిర్దోస్ బురఖా కొసను వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. రెండుంబావు.

అప్పుడు పొడుగాటి నంబరొకటి కనిపించింది. ఎత్తడానికి కనకవ్వకు చెయ్యి రాలేదు. సరితే ఎత్తింది.

"బాపూ?"

అవతల నుంచి ఏసయ్య గొంతు గది అంతా వినిపించింది. "ఎంతసేపు చెయ్యాలె? ఎవలతోని ముచ్చట పెడుతుండ్రు?"

కనకవ్వ నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఫిర్దోస్ ఫోన్ అందుకుంది.

"అన్నా, మా ఆయనేడి?"

"అస్లమా? రియాద్ దిక్కు లోడేసుకొని పోయిండు. ఫోన్ నీళ్లల్ల పడ్డదట. నిన్న కంపెనీ ఫోన్ల నాతోని మాట్లాడిండు. ఎందుకమ్మా?"

ఆమె జవాబు చెప్పేలోపే ఫోన్ ఆరిపోయింది. కానీ ఇక ఏమీ అడగక్కర్లేదు.

నిమిషం గడవకముందే ఆమె సొంత ఫోన్ మోగింది. అదే గొంతు. "ఏమైంది మేడం?"

"ఏసన్న ఇప్పుడే మాట్లాడిండు. నీ పేరు చెప్పు, ఊరు చెప్పు."

అతని మర్యాద మాయమైంది. "నీ ఇల్లు కోరుట్లలో ఏ గల్లీలో ఉందో నాకు తెలుసు. మగదిక్కు లేదని కూడా తెలుసు," అని, మసీదు వెనక గల్లీ పేరు చెప్పి పెట్టేశాడు.

రోడ్డు మీద వంటావార్పు ముగిశాక, రాజమౌళి బండి మీదే ఫిర్దోస్ ఇల్లు చేరింది. దారిపొడవునా ఒకటే ఆలోచన. ఇన్ని సంగతులు వాడికెవరు చెప్పారు?

అస్లం క్షేమమని వినగానే అక్తర్ బేగం చేతులెత్తి అల్లాను తలచుకుంది. తర్వాత కోడలి ముఖంలోకి చూడలేక తల దించుకుంది.

"నేనే చెప్పిన బేటా. నువ్వు ఫోన్ ఇంట్ల ఇడిసిపెట్టి కుట్టిన బట్టలియ్యను పోయినప్పుడు చేసేటోడు. అమ్మీ అని పిలిచిండు. మోకాళ్లు ఎట్లున్నయని అడిగిండు. మున్నా చిన్నప్పటి ముచ్చట్లు అడిగి గంటసేపు ఇన్నడు. ఏసయ్య గురించి, మన గల్లీ గురించి అన్నీ చెప్పిన. కనకవ్వ నంబరు గూడ ఇచ్చిన. నాతోని అంతసేపు ఎవరు మాట్లాడుతరు?"

ఫిర్దోస్‌కు కోపం వచ్చింది. కానీ ఆ చివరి మాట విన్నాక, అత్త ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టింది.

మర్నాడు బ్యాంకుకు వెళ్లి కార్డు ఆపించింది. పోలీసు స్టేషన్లో ఉన్న ఒక్క కానిస్టేబులు నంబరు రాసుకుని, "అందరు బందోబస్తుల ఉన్నరమ్మా, సమ్మె అయినంక చూస్తం," అన్నాడు. గల్లీలో గల్ఫ్‌వాళ్లున్న ప్రతి ఇంటికీ వెళ్లి జరిగింది చెప్పింది. ఇద్దరు ఆడవాళ్లు మాట మార్చారు. వాళ్లకూ ఫోన్ వచ్చిందని ఆమెకు అర్థమైంది.

ఆదివారం అస్లం కొత్త ఫోన్ నుంచి చేశాడు. అక్తర్ బేగం దాన్ని ముట్టుకోలేదు. "ముందు నువ్వు మాట్లాడు, వాడేనా చూడు," అని దూరంగా జరిగింది. కోడలు చెవి దగ్గర పెట్టి పట్టుకుంటే, బాగున్నానని ఒక్క మాట అని ఊరుకుంది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఫిర్దోస్ మిషను ఆపి, ఒక గంట అత్త మంచం పక్కన కూర్చుంటోంది. తలుపు గడియ మాత్రం పెట్టే ఉంచుతుంది.