దొర వేసుకున్న చొక్కా

లాండ్రీలో పనిచేసేవాళ్ళు కస్టమర్ల బట్టలు వేసుకుంటారు. ఈ మాట ఇంత తిన్నగా రాయడానికి నాకిప్పుడు ఏ బెరుకూ లేదు. మంచి చొక్కా ఒకటి ఉతకడానికి వస్తే, ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక పూట ఒంటిమీద వేసుకుని సినిమాకో షికారుకో వెళ్ళొచ్చి, మళ్ళీ ఉతికి, మళ్ళీ ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి ఇచ్చేస్తారు. కస్టమరుకు పోయేదేమీ లేదు, పైగా చొక్కా రెండుసార్లు శుభ్రపడుతుంది. నేనూ ఒక డాక్టరమ్మ ఉన్ని శాలువా కప్పుకుని ఒక చలికాలంలో మహారాణిలా తిరిగాను. మా మావయ్యకు ఇదంతా తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఆయనా వేసుకున్నవాడే. బయటివాళ్ళకు మాత్రం చచ్చినా చెప్పకూడదు. మా పనిలో ఇస్త్రీ కంటే ముందు నేర్పేది ఇదే.

మా తమ్ముడికి ఈ పిచ్చి కాస్త ఎక్కువ. అమ్మా నాన్నా పోయాక మా ఇద్దర్నీ మావయ్యే తన షాపుకు తెచ్చుకుని పెంచాడు. నేను ఇస్త్రీ బల్ల దగ్గర, వాడు ఉతికే తొట్టి దగ్గర పెద్దవాళ్ళమయ్యాం. నాకు పెళ్ళయి పక్కవీధికి వెళ్ళినా పనికి షాపుకే వచ్చేదాన్ని. వాడు మాత్రం షాపు వెనక గదిలో ఒక్కడే పడుకునేవాడు. సొంత బట్టలంటూ వాడికి పెద్దగా లేవు, అయినా వీధిలో వాడంత సోకుగా తిరిగేవాడు లేడు. అందుకే అందరూ వాడిని దొర అనేవాళ్ళు.

"ఇవాళ ఎవరు దిగారు?" అని నేను ఆటపట్టిస్తే, "లాయరు గారక్కా, భుజాలు కాస్త వదులు" అనేవాడు.

మా షాపు వెనకవీధిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడ కిటికీ తెరలు మేమే ఉతికేవాళ్ళం, దొరే వెళ్ళి తగిలించి వచ్చేవాడు. ఒకరోజు ఆవిడను ఎవరో ఇంట్లోనే పొడిచి చంపారు. వీధంతా అదే మాట. ఆ మర్నాడే మా షాపుకు నీలం చారల చొక్కా ఒకటి వచ్చింది. తీసుకున్నది మావయ్య. తెచ్చినవాడు కొత్తవాడు, టోపీ పెట్టుకున్నాడు, తొందరలో ఉన్నాడు. అంతకుమించి మావయ్యకు గుర్తులేదు. ఆ చొక్కా కోసం వాడు మళ్ళీ రానేలేదు. దొర ఆ చొక్కా ఉతికాడు. చేతి మడత దగ్గర మరక ఉంటే రుద్ది పోగొట్టాననుకున్నాడు. ఛాతీ మీద గుండీ ఒకటి లేకపోతే మా డబ్బాలో వెతికి దాదాపు అలాంటిదే కుట్టాడు. గుండీ ఊడితే కుట్టి ఇవ్వడం మా షాపు మర్యాద. హత్యనూ ఈ మరకనూ కలిపి చూడాలని మాలో ఎవరికీ తట్టలేదు. మా దగ్గరికి రోజూ వచ్చేవే మరకలు.

ఆ తర్వాత దొర మామూలుగానే చొక్కాకు మేం కట్టిన గుర్తు చీటీ పీకేసి, వేసుకుని సినిమాకెళ్ళాడు. వాడి దర్జా వీధి వీధంతా చూసింది.

టీచరమ్మ గుప్పిట్లో ఒక గుండీ దొరికిందట. పోలీసులు వీధులన్నీ తిరిగి అడుగుతుంటే దొర చొక్కాలో ఒక గుండీ తేడాగా ఉందని ఎవరో చెప్పారు. వాళ్ళు మా షాపుకు వచ్చినప్పుడు బాగా రద్దీ వేళ. కౌంటరు దగ్గర కస్టమర్లు నిలబడి ఉన్నారు. ఇన్‌స్పెక్టరు లోపల తీగ మీద ఆరుతున్న చొక్కాను కర్రతో చూపించి, "ఎవరిదీ చొక్కా?" అన్నాడు.

మావయ్య దొర వైపు చూశాడు. నేనూ చూశాను. దొర కస్టమర్ల వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "నాదేనండి" అన్నాడు.

ఇంకో పనిలో ఉన్నవాడెవడైనా సరే, ఆ మాట అని ఉండేవాడు కాడు. కస్టమరు బట్ట వేసుకున్నానని కస్టమర్ల ముందు ఒప్పుకోవడం కంటే పోలీసులతో వెళ్ళడమే వాడికి తేలికనిపించింది. స్టేషన్లో విడిగా చెప్పుకుంటే సరిపోతుందనుకున్నాడు. చెప్పుకున్నాడు కూడా. అప్పటికే వాళ్ళు చేతి మడత కుట్టు విప్పి లోపలి నెత్తురు చూశారు. అది టీచరమ్మదేనని తేలింది. మొదట నాదే అన్నవాడు ఇప్పుడు కాదంటున్నాడు, దొరికిపోయాక మాట మార్చాడు అని రాసుకున్నారు. తెరలు తగిలించే వంకతో ఆ ఇల్లు ముందే చూసుకున్నాడని కూడా రాసుకున్నారు.

కోర్టులో నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నా శాలువా సంగతి కూడా చెప్పాను. అక్క కాబట్టి తమ్ముణ్ణి కాపాడుకోవడానికి కథలల్లుతోందన్నారు. తర్వాత మావయ్యను బోనులోకి పిలిచారు.

"మీ షాపులో పనివాళ్ళు కస్టమర్ల బట్టలు వేసుకుంటారా?"

"అబ్బే, అలాంటి అలవాటు మా దగ్గర లేదండి" అన్నాడు మావయ్య.

అంత మామూలుగా అన్నాడు. రోజూ కౌంటరు దగ్గర అనే మాటే అన్నాడు. దొర తల దించుకున్నాడు గానీ, ఆయన మీద కోపం వాడి మొహంలో నేను చూడలేదు. ఆ కోపమంతా నా వాటాకే వచ్చింది.

ఉరిశిక్ష వేశారు.

ఆ తర్వాత నా బతుకు చాలా తొందరగా ఖాళీ అయిపోయింది. నా మొగుడు కొన్నాళ్ళు వాళ్ళమ్మను చూసొస్తానని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. హంతకుడి బావ అని పిలిపించుకోలేనన్నాడట. పక్కింటావిడ నన్ను చూస్తే పిల్లల్ని లోపలికి పిలుచుకునేది. మావయ్య షాపులో పని మానేసి, ఒక హోటలు తువ్వాళ్ళు ఇంటికి తెచ్చుకుని ఇస్త్రీ చేసేదాన్ని. తువ్వాళ్ళకు కాలరూ ఉండదు, గుండీ ఉండదు, ఎవరిదని అడిగేవాడూ ఉండడు. రోజంతా నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. ఒక్కోసారి నా గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి ఇస్త్రీపెట్టెను తిట్టేదాన్ని.

పని లేనప్పుడల్లా మావయ్య షాపుకు వెళ్ళేదాన్ని. కౌంటరుకు ఇవతల, కస్టమర్లు నిలబడేచోట నిలబడేదాన్ని.

"నిజం చెప్పు మావయ్యా."

"నెమ్మదిగా మాట్లాడవే. జనం వింటారు."

"వినాలనే."

"పైకోర్టులో కొట్టేస్తారులే. ఒక్క చొక్కా పట్టుకుని మనిషిని ఉరి తీస్తారా ఎక్కడైనా? వాళ్ళకు మాత్రం బుద్ధి ఉండదా?"

"కొట్టెయ్యకపోతే?"

"నాకు ఈ షాపు తప్ప ఇంకేముంది చెప్పు. ముప్పొద్దులా నిలబడి తెచ్చుకున్న నమ్మకం. రేపు ఈ సంగతి తెలిస్తే ఒక్కడైనా మన గుమ్మం తొక్కుతాడా? వాడు బయటికొచ్చాక వాడికైనా ఇదేగా ఆధారం."

మావయ్య దుర్మార్గుడు కాడు. అదే నా ప్రాణం తీసేది. దుర్మార్గుడైతే ఒక శాపం పెట్టి ఇంటికి పోయేదాన్ని. ఈయన దొరకు జైల్లో చలేస్తుందేమోనని దుప్పటి కొని నాచేతికిచ్చి పంపేవాడు. వాడు తిరిగొస్తాడని వెనక గదికి సున్నం వేయించాడు. నిజంగానే వస్తాడనుకున్నాడు. కింది కోర్టు తప్పు పైకోర్టు దిద్దుతుందని, అది కాకపోతే ఆ పైది దిద్దుతుందని, ప్రతివాడూ తన పైవాడి మీద భారం వేసి నిద్రపోయాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా గోడకు చెప్పుకున్నట్టే అయింది.

పైకోర్టు కొట్టెయ్యలేదు. ఆ పైదీ కొట్టెయ్యలేదు. ఉరి ఖాయమని పేపర్లో వచ్చిన పొద్దున మావయ్య మా ఇంటికి వచ్చాడు. అన్నాళ్ళలో మా గుమ్మంలోకి రావడం అదే మొదటిసారి. గడ్డం గీసుకోలేదు. చొక్కా నలిగి ఉంది. ఆయన ఒంటిమీద నలిగిన చొక్కా నేనెప్పుడూ చూడలేదు.

"పదవే, చెప్పేస్తాను" అన్నాడు.

లాయరు పరుగులు పెట్టి ఆఖరి పిటిషను వేశాడు. మావయ్య నిండు కోర్టులో చెప్పాడు. తాను వేసుకున్నదీ, నేను వేసుకున్నదీ, దొర వేసుకున్నదీ, టోపీవాడు చొక్కా తెచ్చి ఇచ్చిందీ అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ బోను కమ్మీని పట్టుకునే ఉన్నాడు. అవతలి లాయరు పెద్దగా శ్రమపడలేదు.

"ప్రమాణం చేసి మొదట లేదన్నారు. ఇప్పుడు ప్రమాణం చేసి ఉందంటున్నారు. ఏది అబద్ధం?"

"మొదటిది అబద్ధమండి."

"అంటే అబద్ధం చెప్పడం మీకు అలవాటే. మేనల్లుడు కదా, ఇప్పుడు మరీ అవసరం కూడాను."

పిటిషను పోయింది. దొర మొదట అబద్ధం చెప్పి తర్వాత నిజం చెప్పాడు, మావయ్యా అదే చేశాడు. మొదటినుంచీ నిజం చెప్పినదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో అక్కనైపోయాను.

ఆఖరిసారి చూసుకోవడానికి నన్ను పిలిచారు. మావయ్య రాలేనన్నాడు. వాడి ముందు నిలబడటానికి మొహం చెల్లలేదు. జాలీకి అటువైపు దొర కూర్చున్నాడు. బాగా చిక్కాడు. జైలు చొక్కా కాలరు ఒకపక్క లోపలికి మడతపడి ఉంది. సరిచెయ్యబోయి చెయ్యెత్తాను, జాలీ తగిలింది.

"మావయ్య చెప్పాడటగా అక్కా?"

"చెప్పాడు."

"అందరి ముందా?"

"కోర్టు నిండా జనం. పేపర్లో కూడా వేశారు."

వాడు కంగారుపడ్డాడు. "అయ్యో. మరి షాపో?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొహం మండా! నీ ప్రాణం మీదికొస్తే షాపు గొడవేంట్రా నీకు?"

"అది కాదక్కా. ఆ రోజు నేను నిజం చెప్పనిది దానికోసమేగా. ఇప్పుడు నేనూ పోయి, అదీ పోతే ఎలా? పెద్దతనంలో ఆయనెక్కడికి పోతాడు?"

వాడు గోళ్ళు చూసుకుంటూ, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"అక్కా, ఒక్కోసారి నేనే చంపానేమో అనిపిస్తుంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు చంపావని అన్నిసార్లు అన్నారు. నిద్రలో ఆ ఇల్లు కనిపిస్తుంది. తెరలు కనిపిస్తాయి."

"నువ్వు చంపలేదు."

"గట్టిగా చెప్పు."

"నువ్వు చంపలేదురా. నాకు తెలుసు."

"సరే. నువ్వంటే సరే" అన్నాడు. నిజంగానే తేలికపడ్డట్టు కనిపించాడు. నాకు మాత్రం ఆ మాట బండరాయిలా గుండెమీద కూర్చుంది. వాడి సంగతి వాడికంటే గట్టిగా నమ్మేదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే మిగిలానని అప్పుడు అర్థమైంది.

ఉరి తీసిన పొద్దున జైలు గేటు బయట నిలబడ్డాను. నా మొగుడికి కబురు పెట్టాను గానీ రాలేదు. బాగా తెల్లారాక ఒక వార్డరు వచ్చి, "అయిపోయిందమ్మా" అన్నాడు. బట్టలు ఇస్త్రీ అయ్యాయా అని ఎవరైనా అడిగితే నేనూ అలాగే చెబుతాను. ఆయన తప్పేం లేదు, ఆయనకు మాత్రం ఇంకో మాట ఎక్కడ దొరుకుతుంది?

ఆ తర్వాత ఇంట్లో ఉండలేకపోయాను. మనిషి గొంతు వినాలనిపించింది. ఎవరినైనా తిట్టాలనిపించింది. తిట్టడానికి నాకు మావయ్య ఒక్కడే మిగిలాడు. కోర్టులో చెప్పిననాటి నుంచీ ఆయన షాపు తెరవలేదు. నేను వెనక తలుపు నుంచి వెళ్ళేసరికి మూసిన షట్టరు వెనక చీకట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

ఎన్నాళ్ళుగానో లోపల దాచుకున్న మాటలు ఒక్కోటీ బయటికి తీద్దామనుకున్నాను. అన్నిటికంటే ముందు గాలి రానిమ్మని షట్టరు ఎత్తాను. ఎత్తానో లేదో, ఎదురుగా బ్యాంకులో పనిచేసే ఆయన సంచీతో లోపలికి వచ్చేశాడు. చాలా పాత కస్టమరు.

"హమ్మయ్య, తెరిచారా. చొక్కాలన్నీ మాసిపోయి కూర్చున్నాయండీ" అంటూ సంచీ కౌంటరు మీద బోర్లించాడు.

మావయ్య గోడ పట్టుకుని లేచాడు. చేతులు జోడించాడు. "బాబుగారూ, మీరు పేపరు చూసే ఉంటారు. మీ బట్టలు మావాళ్ళు వేసుకునేవాళ్ళు. నేనూ వేసుకున్నాను. మీకు ఇష్టం లేకపోతే..."

"దానికేముంది పెద్దాయనా," అన్నాడు ఆయన, కాస్త మొహమాటంగా నవ్వి. "ఆ మాత్రం తెలియదా? ఏ లాండ్రీలోనైనా అంతేగా. నా క్రీం కలరు చొక్కా నాకంటే మీవాడికే నప్పేది. వీధిలో చూసి మా ఆవిడా నేనూ నవ్వుకునేవాళ్ళం." అంతలో మీవాడంటే ఎవరో గుర్తొచ్చినట్టుంది, నవ్వు ఆపేశాడు. "పాపం కుర్రాడు" అని, "ఎల్లుండికి ఇచ్చెయ్యండి, ఊరెళ్ళాలి" అని వెళ్ళిపోయాడు.

మావయ్య నా వైపు తిరిగాడు. "వాళ్ళకు తెలుసటే" అన్నాడు. "తెలుసట."

నేను తెచ్చుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన కుర్చీ వెతుక్కుంటూ వెనక్కి తడుముకుంటుంటే పట్టుకుని కూర్చోబెట్టాను. వీధిలో షట్టరు ఎత్తి ఉండటం చూసి ఒకరి వెనక ఒకరు రావడం మొదలుపెట్టారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు కాబట్టి బట్టలు నేనే తీసుకున్నాను. కొందరు దొర గురించి ఒక మంచిమాట అన్నారు, కొందరు ఏమీ అనకుండా చీటీ తీసుకుని వెళ్ళారు. చొక్కాలు, కోట్లు, దుప్పట్లు, ఎవరివో పెళ్ళి బట్టలు కౌంటరు దాటి నేలమీదికి పేరుకున్నాయి. ఒక్క కస్టమరు కూడా మమ్మల్ని వదిలి పోలేదు.