వలల సందు తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. జేబులో ఇమిడే రకం అనుకునేరు. నేల మీద నిలబెడితే మీ ఛాతీ దాకా వస్తాను. పైన చేతులతో పట్టుకోవడానికి అడ్డంగా ఒక కడ్డీ, కింద నలుచదరపు నోరు. రోడ్డు మీది మూత తీసి, నన్ను గుంటలోకి దింపి, వాల్వు తలకాయ నా నోట్లో కుదిరాక ఎడమవైపు తిప్పితే ఒక వీధికి నీళ్లు వస్తాయి. కుడివైపు తిప్పితే ఆగిపోతాయి. బీరువా తాళంచెవులకు లేని గర్వం నాకు కాస్త ఉందంటే తప్పుపట్టకండి.

విశాఖపట్నం రేవు దగ్గర, విరగ్గొట్టిన ఓడలోంచి వచ్చిన కడ్డీతో ఒక కమ్మరి నన్ను చేశాడు. నా మొదటి యజమాని నన్ను ఎక్కువగా ఊతకర్రగానే వాడాడు. ఆయన వెళ్లిపోయాక, నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పే దాలయ్య చేతికొచ్చాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన భుజం మీదే పాత ఊళ్లోని సున్నంబట్టీల పేటంతా తిరిగాను. ఆ పేటలో అడ్రసు అడిగితే వీధి పేరు ఎవరూ చెప్పరు. 'నీళ్లు ముందొచ్చే వీధి తర్వాత రెండోది' అంటారు. పోస్టుమాన్ కూడా అలాగే గుర్తుపెట్టుకున్నాడు.

దాలయ్యకూ నాకూ ఒక గుట్టు ఉంది. ఆ పేట చివర, మూతబడ్డ సున్నంబట్టీ వెనక, వలలు బాగుచేసుకుని బతికేవాళ్లవి ఇరవై మూడు ఇళ్లున్నాయి. దాన్ని వలల సందు అంటారు. నీళ్ల ఆఫీసు కాగితాల్లో ఆ సందు లేదు. ఎప్పుడో బట్టీ కోసం వేసిన పైపు మాత్రం భూమిలో ఉంది. దాని వాల్వు, ఎండుచేపలు అమ్మే నూకరత్నం కూర్చునే రాతిపలక కింద ఉంది. రోజు విడిచి రోజు తెల్లవారుతుండగా దాలయ్య పలక జరిపి నన్ను ఏడు చుట్లు తిప్పేవాడు. పావుగంట తర్వాత కట్టేసేవాడు. తెరిచి వదిలేస్తే పల్లంలో ఉన్న ఆ సందే నీళ్లన్నీ లాగేసుకుంటుంది, మెరక వీధికి చుక్క ఎక్కదు. అక్కడివాళ్లు ఆఫీసుకు పరిగెడితే గుట్టు బయటపడి, పైపు కోసేస్తారు. ఆ భయంతోనే ముప్పై ఒక్క ఏళ్లూ ఆయన ఒక్క తడవ కూడా మానలేదు. జ్వరంతో కూడా వచ్చాడు.

రిటైరైన రోజు ఆయనకు ఒక దండ వేసి, స్టీలు క్యారేజీ ఇచ్చి పంపేశారు. ఆ ఏడాదే పేటలో వాల్వులన్నీ మార్చి, కొత్త మనిషికి కొత్త తాళంచెవి ఇచ్చారు. కాగితంలో లేని వాల్వును ఎవరు మారుస్తారు? అది నా నోటికి తప్ప దేనికీ లొంగదు. నన్ను పాత ఇనుములో పడేయమన్నారు. దాలయ్య సరేనని తల ఊపి, ఇంటికి తెచ్చుకున్నాడు. పని పోయినా మా ఇద్దరికీ ఆ పావుగంట మిగిలింది.

అప్పుడొచ్చారు చిత్రకారులు. పోలండ్ నుంచి హాలీనా అనే పొడుగాటి ఆవిడ, జపాన్ నుంచి కెంజీ అనే సన్నటి మనిషి. తెలియని పేటను కాళ్లతో తిరిగి తెలుసుకుని, తొమ్మిది అడుగుల గుడ్డ మీద దాని పటం గీయడం వాళ్ల పని. మాట సాయానికి సుభాషిణి అనే డ్రాయింగ్ టీచరు వెంట ఉంది. అంత దూరం నుంచి విమానమెక్కి వచ్చి మా మురికి కాలవ వంపును బొమ్మ గీస్తున్నవాళ్లను చూసి పేట వాళ్లు నవ్వుకున్నారు. కానీ దారి అడిగితే మాత్రం అందరూ ఒకటే చెప్పారు, దాలయ్యను పట్టుకోమని.

దాలయ్య నన్ను భుజాన వేసుకునే వచ్చాడు. హాలీనా మొదటిరోజే నన్ను పొడవాటి కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పి నా ఆకారం తీసుకుంది. "ఇనప కమ్మికి కూడా బొమ్మేత్తారేటండి" అని దాలయ్య సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత పది రోజులు మలుపు మలుపూ చూపించాడు. నీళ్లు ఏ వీధికి ఎప్పుడొస్తాయో చెబుతుంటే వాళ్లు నీలం రంగుతో గీతలు గీశారు. ముందొచ్చే వీధి చిక్కటి నీలం, ఆఖరి వీధి లేత నీలం. కెంజీ అడుగులు లెక్కపెడుతూ నడిచేవాడు. సున్నంబట్టీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాలయ్య చెయ్యి నా మీద బిగుసుకునేది. "అటేపు గోడేనండి, దారి నేదు" అని పక్కకు తిప్పేసేవాడు. కెంజీ లెక్కలో నలభై అడుగుల చోటు ఎటూ తేలలేదు. పటంలో అక్కడ తెల్లగుడ్డ అలాగే ఉండిపోయింది.

పాత లైబ్రరీ హాల్లో మూడు రోజుల ప్రదర్శన పెట్టారు. పటం కింద గాజు పెట్టెలో నన్ను ఉంచుతామని హాలీనా అడిగింది. దాలయ్యకు ఎంత సంతోషమో నాకు తెలుసు. ఆ దండ తర్వాత ఆయన్ను ఎవరూ దేనికీ పిలవలేదు. మూడు రోజులంటే ఒకటి రెండు తడవలు, సందు ఎలాగో సర్దుకుంటుందనుకుని నన్ను చింతపండుతో తోమి మరీ ఇచ్చాడు. అంత ఆశపడినందుకు ఆయన్ను నేను తప్పుపట్టలేను, గాజులో మెరుస్తూ నేనూ పొంగిపోయాను.

మూడో రోజు పెద్ద అధికారులు వచ్చి తెగ మెచ్చుకున్నారు. పటం, తాళంచెవి ఇక ఎప్పటికీ ఆ హాల్లోనే ఉంటాయని ప్రకటించారు. సుభాషిణి స్వీటు డబ్బాతో వచ్చి ఆ మాట దాలయ్యకు నా ముందే చెప్పింది. ఆయన స్వీటు ముక్క చేతిలో పట్టుకుని గాజు వైపే చూశాడు. "సంతోసమండి" అన్నాడు. మర్నాటి నుంచి రోజూ వచ్చి గాజు ముందు నిలబడి వెళ్లిపోయేవాడు.

ఆరో రోజు నూకరత్నం వచ్చింది. చంకలో ఖాళీ బిందె.

"ఇక్కడున్నావేటి మావా. మూడు తడవలైపోనాది నీల్లొగ్గి. పిల్లా గుంటలకి తానాల్నేవు."

"ఎల్లు, అమ్మీ. నాను తరవాత సెప్తాను" అని దాలయ్య గొంతు తగ్గించాడు.

ఆమె వెళ్లలేదు. అంత పెద్ద పటం మీద తన ఇల్లు ఎక్కడుందో చూసుకోవాలని ఎవరికి ఉండదు. వేలు పెట్టి వెతికింది. "ఇది ముందొచ్చే ఈది. ఇది బట్టీ. ఈ పక్క మా సందుండాల. నేదేటి?"

ఆ వేలు తెల్లగుడ్డ మీద ఆగింది. హాల్లో సామాన్లు సర్దుకుంటున్న హాలీనాకు తెలుగు రాదు. కానీ కెంజీకి తేలని నలభై అడుగుల మీద ఆగిన వేలు, ఖాళీ బిందె, నన్నే చూస్తున్న దాలయ్య కళ్లు, మూడూ ఆమెకు కనబడ్డాయి. సుభాషిణి చేత మెల్లగా అడిగించింది. దాలయ్య గుట్టంతా చెప్పేశాడు.

"మరి అడగలేకపోయారా, దాలయ్య గారూ?" అంది సుభాషిణి.

"అడిగితే ఎందుకంతారు కదండి. సెప్తే సందు ఎండిపోద్ది. సెప్పకపోనా ఎండిపోద్ది. ఏటి సెయ్యమంతారు?"

కెంజీ నీలం కుంచె తీసి ఆ ఖాళీ దగ్గరికి వెళ్లాడు. పటం గీసేవాడికి తేలిన లెక్కను వదలడం ఎంత కష్టమో అతని చేయి చెప్పింది. నూకరత్నం అడ్డం నిలబడింది.

"గియ్యొద్దు బాబూ. మమ్మల్ని ఇందులో సూసినోల్లు పైపు కొయ్యడానికే వొత్తారు. సందు నేకపోతే నేకపోనీ, నీల్లుంటే సాలు."

సుభాషిణి ఆ మాటలు చెప్పగానే కెంజీ కుంచె దించాడు. తలవంచి నూకరత్నానికి నమస్కారం పెట్టాడు. హాలీనా పెట్టె మరలు విప్పింది. నన్ను తీసి దాలయ్య చేతుల్లో పెట్టి, నా చోట మొదటిరోజు గీసిన కాగితాన్ని పరిచింది. తర్వాత వచ్చిన అధికారులు ఇనుము కంటే ఈ బొమ్మే కళాత్మకంగా ఉందన్నారట. మనుషుల మెప్పు సంగతి నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఇప్పుడు నేను నూకరత్నం ఇంట్లో తలుపు మూల ఉంటున్నాను. దాలయ్య చేతుల్లో ఓపిక తగ్గింది. పలక మీద కూర్చుని చుట్లు లెక్కపెట్టడమే ఆయన పని. తిప్పేది మాత్రం ఇంటికొకరు, వంతులవారీగా. నలుగురైదుగురు తిప్పేసరికే ఏడు ఎడమకనీ, ఏడు కుడికనీ సందంతటికీ వచ్చేసింది.

గాజు పెట్టె మీద 'ముట్టుకోరాదు' అని రాసి ఉండేది. ఇక్కడ ఇరవై మూడు ఇళ్ల చేతులు నన్ను ముట్టుకుంటాయి. రేపటి వంతు నూకరత్నానిది. ఎండుచేపల వాసన వేసే ఆ చేతుల కోసం నేను తెల్లవారకముందే ఎదురుచూస్తుంటాను.