పదకొండు చుట్లు

రెండు కాళ్ళతో డ్రమ్ము కొట్టే డబుల్ పెడల్‌ను తలకిందులు చేసి చూసిన భానుచందర్‌కు, కుడి స్ప్రింగును ఎవరో ఆకురాయితో సగం దాకా కోసి పెట్టినట్టు కనిపించింది.

వేలితో తడిమాడు. గాటు కొత్తది. ఇనుప రజను వేలికి అంటుకుంది.

నాలుగైంది. తిరుపతిలోని ఆ కాలేజీ ఆడిటోరియంలో ఆరింటికి తెర లేస్తుంది. మొదటి వరుసలో బెంగళూరు బ్యాండువాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ డ్రమ్మర్ మానేశాడు. వచ్చే నెల తొమ్మిది ఊళ్ళలో కచేరీలున్నాయి. వాళ్ళు చూడబోయేది పాటలను కాదు, భానుచందర్ కాళ్ళను. ముప్పై నాలుగేళ్ళ డ్రమ్మర్‌ను ఇంకోసారి ఎవరూ పిలవరు.

పైగా ఆ కుడికాలు కొత్తగా అతికిన కాలు. వడమాలపేట దగ్గర బైకు జారి చీలమండ విరిగితే, పుత్తూరులో మూడు కట్లు కట్టించుకున్నాడు. మళ్ళీ డ్రమ్స్ ముందు స్టూలెక్కేసరికి అయిదు నెలలు పట్టింది. పాట మధ్యలో, పాదం పూర్తి వేగంలో ఉన్నప్పుడు స్ప్రింగు తెగితే ఆ అదురంతా చీలమండ మీదే పడుతుంది.

సంచిలో అదనపు స్ప్రింగు కోసం వెతికాడు. లేదు.

మధ్యాహ్నం రెండింటికి డ్రమ్స్ బిగించారు. బ్యాండులో మిగతావాళ్ళు అయిదింటికి గానీ రారు. అప్పటినుంచి స్టేజి మీద ఉన్నది ఇద్దరే. ఒకడు మునిప్రసాద్. పాత బ్యాండులో గిటారిస్టు, ఇవాళ్టి సౌండు బాధ్యత అతనిదే. రెండోవాడు చక్రధర్. భానుచందర్ డ్రమ్స్ బిగించేది, సర్దేది అతనే. మంచం మీద ఉన్న రోజుల్లో చెయ్యి పట్టి నడిపించింది కూడా అతనే.

మునిప్రసాదే అయ్యుంటాడు అనుకున్నాడు భానుచందర్. అనుకోవడానికి ఏడేళ్ళ నాటి కారణం ఉంది.

“అన్నా, మొదలు పెడదామా? అరగంట చాలు” అంటూ నవీన రెండు కెమెరాలతో వచ్చింది. చిత్తూరు నుంచి సంగీతం మీద వీడియోలు చేస్తుందా అమ్మాయి.

అరిస్తే దొంగ జాగ్రత్తపడతాడు. మాట్లాడిస్తే దొరుకుతాడు.

“పెడదాం. నేనొక్కణ్ణే కాదు. మునీ! చక్రా! మీరూ రాండప్పా. నా సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.”

ఇద్దరూ వచ్చి చెరో పక్క కూర్చున్నారు. కెమెరాల ఎర్రదీపాలు వెలిగాయి.

“ప్రోగ్రెసివ్ మెటల్ అంటే ఏందని ఇంట్లో అడిగితే ఏం చెప్తారన్నా?”

“మా అమ్మకు చెప్పిందేమంటే, లెక్క తప్పకుండా చేసే గలాటా అని.” డ్రమ్స్ పుల్లలు తీసుకుని తొడల మీద కొట్టి చూపించాడు. “చేతులు నాలుగు లెక్కలో పోతా ఉంటాయి. కాళ్ళు ఏడులో. తకిట తకధిమి. ఇరవై ఎనిమిది దెబ్బలకు ఒకసారి రెండూ కలుస్తాయి. ఆ కలిసే చోటు తప్పినామా, పాటంతా పాయె.”

“కలిసే చోటికి వీడు ముందే పోయి కూసునేవాడు” అన్నాడు మునిప్రసాద్. “మేము వెనకాల ఆయాసపడతా వచ్చేవాళ్ళం, బస్సు తప్పినోళ్ళ మాదిరి.”

నవీన నవ్వింది. చక్రధర్ నవ్వలేదు.

“మీ ఇద్దరి పాత బ్యాండు ఎందుకు ఆగిపోయింది?”

భానుచందర్ మునిప్రసాద్ కళ్ళలోకి చూశాడు. “నువ్వే చెప్పు మునీ.”

“చెప్పేదేముండాది? ఆల్బమ్ సగంలో ఉండంగా వదిలేసి పోయినాడు. మూడేండ్లు మాట్లాడలే నేను. మెసేజీలు పెట్టి మరీ తిట్టినా. వీళ్ళ నాయనకు గూడా ఫోన్ చేసి తిట్టినా.”

“ఇప్పుడు కోపం పోయిందా?”

“యాడ పోయింది? సుగరొచ్చె. కోపం పడగూడదన్నాడు డాక్టరు.”

అతని చూపు తడబడలేదు. అంత బాహాటంగా తిట్టేవాడు చీకట్లో ఆకురాయి పట్టుకుంటాడా? పట్టుకోవచ్చు కూడా. భానుచందర్ చెమట తుడుచుకున్నాడు.

“పెడల్ గురించి చెప్పండన్నా. మీ వేగమంతా దాంట్లోనే ఉందంటారు.”

పెడల్ ఒళ్ళో పెట్టుకుని, గాటు మీద అరచెయ్యి కప్పాడు. “స్ప్రింగు బిగువులోనే ఉండాదమ్మా గుట్టంతా. మునీ, నా కుడి స్ప్రింగు ఎన్ని చుట్లు బిగిస్తా?”

“ఇదొక కొశ్చెనా? ఆరు. వదులుగా, పాత నులకమంచం మాదిరి. అది తొక్కలేకే గదా వేరే డ్రమ్మర్లు నీ కిట్టు ముట్టేవాళ్ళు కాదు.”

ఆరు. ఆలోచించకుండా వచ్చిన జవాబు.

భానుచందర్ తల వంచి చూశాడు. గాటు స్ప్రింగు లోపలి వైపుంది. స్ప్రింగును ఊడదీయకుండా అక్కడికి ఆకురాయి చేరదు. అంటే ఊడదీసి, కోసి, మళ్ళీ బిగించాడు. బిగించినవాడు నట్టును ఎక్కడ ఆపాడు? గోటితో మర చుట్లు లెక్కపెట్టాడు. పదకొండు. నట్టు మీద నూనె చుక్క ఇంకా మెరుస్తూనే ఉంది.

కట్లు విప్పాక పాదాన్ని పైకి లేపే బలం చాలక, స్ప్రింగే లేపాలని, ఆరు వారాలుగా పదకొండు చుట్ల బిగువు పెట్టుకుంటున్నాడు. కాలు బలహీనమని తెలిస్తే బెంగళూరువాళ్ళు వెనక్కి తగ్గుతారని ఎవరికీ చెప్పలేదు. రోజూ డ్రమ్స్ బిగిస్తూ ఆ నట్టు తిప్పే చెయ్యికి చెప్పనక్కరలేదు.



“కొట్టి చూపించండన్నా, ఒక్క నిమిషం” అంది నవీన.

భానుచందర్ పెడల్‌ను కింద బిగించి, చెప్పు విడిచి, కుడిపాదం దాని మీద మోపాడు. తల తిప్పాడు. చక్రధర్ ఆ పాదాన్నే చూస్తున్నాడు. ఊపిరి తీసుకోవడం లేదు. వద్దని కూడా అనడం లేదు.

భానుచందర్ కాలు తీసేశాడు.

“కెమెరాలు ఆపమ్మా.”

దీపాలు ఆరాయి.

“ఈ స్ప్రింగును ఎవురో సగం కోసినారు” అన్నాడు. మునిప్రసాద్ దిగ్గున లేచి, పెడల్ దగ్గర వంగి చూసి, “రేయ్!” అన్నాడు.

“కూసో మునీ. నువ్వయితే ఆరు దగ్గర ఆపేసేవాడివి. వేరేవాడయితే చేతికొచ్చినంత బిగించి పోయేవాడు. పదకొండు చుట్లు లెక్కపెట్టి, నూనె చుక్క వేసి పెట్టినాడు వీడు. చెడగొట్టేదానికి కూసున్నా పని నేర్చిన చెయ్యి ఊరుకోలేదు. ఏం చక్రా?”

చక్రధర్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. మునిప్రసాద్ వాకిలి వైపు జరిగి నిలబడ్డాడు.

“ఆడ నిలబడొద్దప్పా, పారిపోను” అన్నాడు చక్రధర్. “నేనే కోసినాను. రెండున్నరకు నువ్వు కాఫీకి పోయి, మునీ సౌండు పనిలో ఉన్నప్పుడు. స్పేరు స్ప్రింగు నా జోబీలో ఉండాది. తీసుకో భానూ, టైముండాది, మార్చుకో. నువ్వు కట్లో ఉన్న అయిదు నెల్లూ ఈ పాటలన్నీ కొట్టింది నేను. మదనపల్లె, చిత్తూరు, వేలూరు. ఒక్క పోస్టరు మీద గూడా నా పేరు వెయ్యలేదు. పోస్టరులో నీ పేరే, స్టూలు మీద నేను. నువ్వు కట్టు విప్పుకొని వచ్చిన దినం ‘లెయ్‌రా చక్రా’ అంటివి. లేసినాను. ఆ బెంగళూరోళ్ళు నా దెబ్బ ఒక్కసారి వింటే చాలనుకున్న్యా. రెండో పాటలో స్ప్రింగు తెగుతుంది, నిన్ను దించుతారు, నేను ఎక్కుతాను. అంతే అనుకున్న్యా. నీ కాలు సంగతి గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పల్లా ఇప్పుడు? మూడు కట్లకూ నిన్ను మోసుకొని పోయినోణ్ణి. ఆ ఎముక ఎంతమటుకు అతికిందో నీకంటే నాకే తెలుసు. తెలిసే కోసినాను.”