తోర్కెల్ పొట్టేళ్ళు పాయ దాటిన ఏడు

ఆ తలుపు మూసి ఇలా పొయ్యి దగ్గరికి జరగండర్రా. మన తీరాన నేల లేస్తుందన్న సంగతి మీకు తెలిసిందే. పూర్వం కొండంత మంచుగడ్డ దీన్ని అణిచి కూర్చుందట. అది కరిగి ఎన్ని తరాలైనా నేల ఇంకా ఒళ్ళు విరుచుకుంటూనే ఉంది. గావ్లె పట్నం జాలర్లు పడవలు కట్టేసిన ఇనుప కడియాలు ఇప్పుడు అడవిలో బండల మీదున్నాయి. మనిషి మతి మాత్రం తాతల నాటి నీళ్ళలోనే తేలుతుంటుంది.

ఎండాకాలం పొట్టేళ్ళని దీవిలో వదలడం మన ఆచారం కదా. అప్పుడే గొర్రెలతో కలిశాయంటే ఆడవి నడిచలిలో ఈనతాయి, పిల్లలు బిగుసుకుపోతాయి. నేను చెప్పే ఏడు దీవి ఎంచే వంతు మన ఊరి తోర్కెల్‌ది. పడవ తిప్పలెందుకని ఒడ్డుకి దగ్గరగా, సన్నటి పాయకి అవతల ఉన్నది ఎంచాడు.

అల్ఫిల్డ్ అని, మొగుడు సముద్రంలో పోయినావిడ. నాలుగు గొర్రెలే ఆవిడకి ఆధారం.

"బాబాయ్, ఆ పాయలో మోకాటిలోతు నీళ్ళైనా ఉన్నాయా?" అని అడిగింది.

"మా తాత ఉప్పుచేపల పీపాలతో నిండు పడవ నడిపాడే అందులో!" అన్నాడు తోర్కెల్.

"నడిపాడు సరే. పొట్టేళ్ళకి మీ తాత తెలీదుగా?"

అందరూ నవ్వారు. నవ్వి, తోర్కెల్ మాటకే తలూపారు.

ఆగస్టులో గాలి ఒడ్డు మీంచి వీచి, సముద్రం వెనక్కి తగ్గింది. పాయలో నాచు బయటపడింది. పొట్టేళ్ళు గిట్టలు తడవకుండా నడిచొచ్చి మందలో కలిశాయి.

జనవరి వచ్చేసరికి అల్ఫిల్డ్ గొర్రెలు నిండు చూలుతో ఉన్నాయి. ఆవిడ కొట్టంలో నీళ్ళ తొట్టి అడుగుదాకా గడ్డకట్టింది. పిల్లలు పోతే ఆవిడకి మిగిలేది లేదు. మంచులో వాటిని తోలుకుని తోర్కెల్ గుమ్మం ముందు నిలబడింది.

"ఏంటే ఇది?" అన్నాడు తోర్కెల్.

"మీ కోడళ్ళు బాబాయ్. పురుడు మీ ఇంట్లోనే, పొయ్యి పక్కన."

"వంటింట్లోనా? మా ఆవిడ చంపేస్తుంది!"

లోపల్నించి ఆయన భార్య బ్రీటా అరిచింది. "చంపుతాను, గొర్రెల్ని కాదు. వాటిని లోపలికి తోలి తలుపెయ్యి, చలొస్తోంది!"

పిల్లల్లో ఒకటి దక్కలేదు. తల్లులకి పాలు చాలక మిగతావాటికి బ్రీటా ఆవుపాలు పట్టింది. పచ్చిక మొలిచాక అల్ఫిల్డ్ మందని తోలుకుపోయింది. మేలు చేశారని అనలేదు, తోర్కెల్ ఆ మాటకి ఎదురుచూడనూ లేదు.

దీవి ఎంచేముందు ఎవరో ఒకరు పాయలో దిగి లోతు చూడాలని ఊరు అప్పుడే కట్టడి చేసుకుంది. మొదట దిగింది తోర్కెలే, చన్నీళ్ళని తిట్టుకుంటూ.

ఇది మతిలో ఉంచుకుని మీ పిల్లలకీ చెప్పండి. ఎలా చెప్పినా సరే, బ్రీటా మాట మాత్రం మార్చకండి.