మనం అంటే ఎవరెవరు

"ఇవాళ కూరలో మనం ఉప్పు మర్చిపోయినట్టున్నామే," అన్నాడాయన, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని.

చూడండి మరి, ఆ మనిషి వంటగది గడప తొక్కి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలీదు. అయినా మర్చిపోయింది మనం! ఆయనదేం చెడ్డ నోరు కాదు, చెయ్యెత్తే రకం అసలే కాదు. "నువ్వు మర్చిపోయావు" అని వేలు చూపించి అంటే పెళ్ళాం చిన్నబుచ్చుకుంటుందని, మర్యాదకి, ఆ మనం అనే మాట పట్టుకున్నాడు. పెళ్ళైన కొత్తలో ఆ మాటకి ఆమె కరిగి నీరైపోయింది కూడానూ. ఎంత బాగా కలుపుకుంటాడో నన్ను, అని మురిసిపోయింది. పోగా పోగా తెలిసొచ్చింది, ఆ మనంలో ఆయన ఎప్పుడూ ఉండడని. "వానొచ్చేట్టుంది, మనం బట్టలు తీయలేదే" అంటే ఆమె పరిగెత్తాలి. "అమ్మకి మనం మందులేశామా?" అంటే ఆమె వేసిందా అని. తీరా ఏ సరదానో ఉందనుకోండి, ఆ మనం చటుక్కున విరిగిపోయి, "మేం ఫ్రెండ్సంతా కలుస్తున్నాం, రావడం ఆలస్యమవుతుంది" అయిపోతుంది. మనంలో ఆమె ఒక్కతే. మేములో ఆమె తప్ప అందరూ.

ఆమె లేచి ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆమెకీ ఉద్యోగం ఉంది. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే కార్ఖానాలో షిఫ్టు సూపర్‌వైజరు. ఒక తలుపులోంచి నెత్తురు మరకలతో, మందుల వాసనతో మూటలు మూటలుగా వచ్చిన దుప్పట్లు, ఇంకో తలుపులోంచి తెల్లగా, వేడివేడిగా, మడతలు పడి వెళ్ళిపోతాయి. ఆ రెండు తలుపుల మధ్య ఆవిరిలో ఆమె వయసు సగం గడిచిపోయింది. బిజినెస్ స్కూల్లో చదివొచ్చిన ప్రతి కొత్త మేనేజరుకీ ఆమే పని నేర్పింది. నేర్చుకున్నాక ప్రతివాడూ ఆమెకే పని చెప్పాడు. ఏముందో ఆ స్కూల్లో, నేనూ వెళ్ళి చూస్తే ఏం పోయింది, అనిపించింది ఒకరోజు. ఊళ్ళోనే ఉంది, ఏడాది చదువు. ఇంట్లో చెబితే ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "చదివేద్దాంలే, మనకేం తక్కువ" అన్నాడు. అదేదో అప్పడం విరిచినంత సులువుగా.

దరఖాస్తుకి సాయం చేసేవాళ్ళుంటారని పనిలో ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్ళింది. చెప్పుల దుకాణం మీద చిన్న గది, కిందనుంచి తోలు వాసన. అడ్మిషన్ల కన్సల్టెంటు ఒక పెద్దావిడ, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని బల్లంతా వెతుక్కునే మనిషి. అందరూ కన్సల్టెంటమ్మ అంటారు. "ముందే చెబుతున్నా, రాసేది నువ్వు, గిల్లేది నేను," అంది మొదటిరోజే.

'మీరు ఎదుర్కొన్న ఒక కష్టం' గురించి వ్యాసం రాయాలి. ఆమె బాయిలరు ఆగిపోయిన రోజు గురించి రాసుకెళ్ళింది. కన్సల్టెంటమ్మ పైకి చదివింది. "'బాయిలరు ఆగిపోయింది. ఆస్పత్రిలో దుప్పట్లు నిండుకుంటున్నాయి. మేము వేరే ఏర్పాటు చేశాం. ఆపరేషన్లు ఆగలేదు.' బానే ఉంది. ఈ మేము ఎవరెవరమ్మా?"

"మేమేనండి. మా కార్ఖానా."

"కార్ఖానాకి నోరుంటుందా? హోటళ్ళ లాండ్రీలకి ఫోన్లు చేసి బతిమాలిందెవరు?"

"నేనే."

"వ్యాన్లు అటు మళ్ళించింది?"

"అదీ... నేనే అనుకోండి."

"నేనెందుకనుకుంటాను? నువ్వు చేశావా, లేదా? మీ మేనేజరెక్కడున్నాడు అప్పుడు?"

"ఫోన్ ఎత్తలేదండి. ఆస్పత్రివాళ్ళు షీల్డు ఇచ్చేటప్పుడు మాత్రం ఉన్నారు."

కన్సల్టెంటమ్మ పొలమారేదాకా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఇందులో నీకోసం వెతుకుతున్నానమ్మా," అంది. "బాయిలరు కనపడింది, వ్యాను కనపడింది. నువ్వు కనపడలేదు. ఏదీ, 'నేను ఫోన్ చేశాను' అను ఒకసారి, నాకు వినపడేట్టు."

"నేను..." అని ఆగిపోయింది ఆమె. "మేము..." తల దువ్వుకోకుండా నలుగురి మధ్యకి వచ్చి నిలబడ్డట్టుంది ఆ నేను అనే మాట. ఇంతలో కన్సల్టెంటమ్మకి ఇంటినుంచి ఫోనొచ్చింది. "ఆఁ, వంట అయిపోయిందండీ. డబ్బాలో పెట్టే ఉంది, చూడండి," అని పెట్టేసి తలెత్తింది.

"ఎవరు చేశారు మేడమ్ ఆ వంట?" అంది ఆమె మెల్లగా.

"దానంతటదే అయిపోయిందమ్మా," అంది కన్సల్టెంటమ్మ, "మీ దుప్పట్లలాగే." ఈసారి ఇద్దరూ నవ్వారు గానీ, ఆ నవ్వు మెట్లు దిగేసరికే అయిపోయింది.

వ్యాసం దిద్దుకోవడం మొదలుపెట్టాక ఆమెకి నిద్ర పట్టడం మానేసింది. ఒక్కో 'మేము' కొట్టేసి 'నేను' రాస్తుంటే తేలికవ్వాల్సింది పోయి, బరువెక్కుతోంది మనసు. వంట అయిపోయింది. బట్టలు ఆరిపోయాయి. అత్తయ్యకి జ్వరం తగ్గిపోయింది. ఇన్నేళ్ళూ తన నోటితో తనే అన్న మాటలు. ఎవరో వచ్చి తన పేరు చెరిపేశారా ఏమన్నా? తనే, తడిగుడ్డతో, శుభ్రంగా, రోజూ తుడిచేసుకుంది. అలాగని మేము అనేది ఉత్త అబద్ధమూ కాదే. ఆ రోజు మడత బల్లల దగ్గర ఆడవాళ్ళు ఇళ్ళకెళ్ళకుండా ఉండిపోయారు కదా. వాళ్ళని తుడిచేస్తే తనకీ మేనేజరుకీ తేడా ఏముంది? చాలాసేపు తన్నుకులాడి, 'నేను అడిగాను, వాళ్ళు ఉండిపోయారు' అని రాసింది. ఆ ఒక్క వాక్యం రాశాక కాస్త ఊపిరాడింది. మళ్ళీ భయం. ఇన్ని నేనులు పోగేసుకుని ఇంక ఏ ఇంట్లో ఇముడుతుంది తను?

"ఏంటమ్మాయ్, నేను నేను అని గొణుక్కుంటున్నావ్? మంత్రమా?" అంది పక్కగదిలోంచి అత్తగారు.

"వ్యాసం అత్తయ్యా."

"పెళ్ళయ్యాక ఆ మాట నేనెప్పుడన్నానో గుర్తే లేదు," అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టిందో, తన గోడు చెప్పుకుందో తెలీలేదు.

సిఫార్సు ఉత్తరం కోసం వెళితే మేనేజరు వ్యాసం చదివి ముఖం ముడుచుకున్నాడు. "ఇది మనం చేసింది కదమ్మా! నేను నేను అంటే పొగరులా ఉండదూ? మనం అని మార్చుకురా, సంతకం పెడతాను." ఈయన దగ్గరా అదే మాట! ఆమె కాగితం వెనక్కి తీసుకుంది. ఉద్యోగం ఏమవుతుందోనని భయం. అయినా మార్చలేదు. ఆస్పత్రిలో పెద్ద నర్సమ్మ దగ్గరికెళ్ళింది. "ఆ రోజంతా నేను మాట్లాడింది నీతోనేగా," అని ఆవిడ నిలబడే రాసిచ్చింది.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. తేదీ ఇంట్లో చెప్పింది, గోడమీద క్యాలెండర్లో సున్నా కూడా చుట్టింది. వారం పోయాక ఆయన కంటి డాక్టరు దగ్గర తల్లి ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకొచ్చాడు. సరిగ్గా ఆ సున్నాలోనే. మర్చిపోయాడో, మర్చిపోవడం సులువనిపించిందో. ఆమె అడగలేదు. అడిగితే మనం మర్చిపోయామే అంటాడని తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె వరండాలో దుప్పటి మడతపెడుతోంది. కార్ఖానాలో దుప్పటికి ఇద్దరు, అటో మనిషి ఇటో మనిషి. ఇంట్లో గడ్డం కింద ఒక కొస నొక్కిపెట్టి, చేతులు బారచాపి, ఒక్కతే మడతపెట్టడం అలవాటు. లోపల తన ఫోను మోగింది. ఆయన ఎత్తాడు.

"ఆఁ మేడమ్, చెప్పండి. ఇంటర్వ్యూ సంగతేనా? అదే, మనం ఈ ఏడాదికి వద్దనుకుంటున్నామండీ. ఆ రోజే మా అమ్మకి కంటి ఆపరేషన్. మనం దగ్గరుండాలి కదా..."

కన్సల్టెంటమ్మ గొంతు చిన్నది కాదు. వరండాదాకా వినపడింది. "మనం అంటే ఎవరెవరండీ?"

ఆయన తెల్లమొహం వేశాడు. ఎవరూ ఎప్పుడూ అడగలేదాయె. "మనమంటే... మనమేనండి."

గడ్డం కింద కొస జారిపోయింది. ఆమె దుప్పటి భుజాన వేసుకునే లోపలికొచ్చి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది. "మేడమ్, నేను మాట్లాడుతున్నాను. నేను వద్దనుకోలేదు. నేను వస్తున్నాను." ఈసారి ఆ మాట దగ్గర ఆగలేదు.

ఫోను పెట్టేసేసరికి ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. కోపం కాదు, ఏదో అర్థంకాని బెంగ ఆ మొహంలో. "బానే ఉంది వరస. మరి ఆ రోజు ఆస్పత్రిలో అమ్మ దగ్గర ఎవరుంటారే?"

ఆమె భుజాన దుప్పటి తీసి, దులిపి, రెండో కొస ఆయన చేతిలో పెట్టింది.

"మనం ఉంటాంలెండి," అంది.