పడినట్టే లెక్క

నా కోడలి చేతులున్నది నా కొడుకు తల పట్టుకోవడానికి కాదు. అయినా వేసవంతా పట్టుకున్నాయి.

మా వాడి కంపెనీలో డైరెక్టరుకు గోల్ఫ్ పిచ్చి. వేసవి చివర్లో ఉద్యోగులకు పోటీ పెడతానన్నాడు. ఆ పిచ్చి మెట్లు దిగి మా హాల్లోకొచ్చింది. మా వాడు పచ్చటి తివాచీ ఒకటి పొడుగ్గా పరిచి, ఆ చివర స్టీలు గ్లాసు పడుకోబెట్టాడు. బంతిని దూరం కొట్టడం ఎవరైనా చేస్తారట. చివర్లో నెమ్మదిగా దొర్లించి గుంటలో వేయడమే అసలు పనట. దాన్ని పటింగ్ అంటారట. భుజాలు ఊగాలి, మణికట్టు కదలకూడదు. బంతి పడిన చప్పుడు వినేదాకా తల ఎత్తకూడదు. మా వాడు కొట్టీకొట్టకముందే ఎత్తేవాడు. ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి తల పట్టుకోమనమని కోచ్ చెప్పాడట. ఆ మనిషి నా కోడలు.

ఆమె ఆసుపత్రిలో నర్సు. నా భార్య పోయాక ఈ ఇంట్లో నాకు వేళకు మందిచ్చిందీ ఆమే. పొద్దంతా నిలబడి పనిచేసి వస్తే, చెప్పులు విప్పకముందే వీడు పిలిచేవాడు. అరచేయి వాడి నుదుటికి ఆనించి ఊపిరి బిగబట్టాలి. ఆమె నీడ తివాచీ మీద పడకూడదు. చేతి గడియారం టిక్కుమంటోందంటే అదీ తీసేసింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే "పొంగనీ, కదలకు" అనేవాడు. తర్వాత పొయ్యి తుడిచేది ఆమే.

ఒకసారి కూరగాయలు తరుగుతూ నాతో చెప్పింది. కుట్లు వేసేటప్పుడు రోగుల తల కూడా అలాగే పట్టుకుంటుందట. అంత నొప్పిలోనూ వాళ్ళు కళ్ళెత్తి ఆమె ముఖం చూస్తారట. కొందరు పేరు అడుగుతారట. ఇంట్లో ఆమె అరచేతి కిందున్న తల బంతిని తప్ప మరేదీ చూడదు. "గోడనైపోయాను మామయ్యా. గోడే నయం, దానికి కాళ్ళు లాగవు" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వాడు ఇంట్లో లేనప్పుడు వాడి గోల్ఫ్ కర్ర ఆమె పట్టేది. నా గదిలోకి వినబడేది. బంతికి కర్ర తగిలిన చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత గ్లాసు మోగడం. మధ్యలోని ఆ నిశ్శబ్దం తనదని చెప్పింది. అంతసేపూ ఎవరికీ ఏదీ అందించక్కర్లేదు, ఎవరికేం కావాలో ముందే కనిపెట్టి ఉండక్కర్లేదు. తల దించుకోవడం తనకు కొత్త కాదనీ, తన కోసం దించుకోవడమే కొత్తనీ అంది.

అప్పుడే ఆసుపత్రివాళ్ళు వేరే ఊళ్ళో కొత్త శాఖ తెరుస్తున్నారు. అక్కడి పిల్లల వార్డు మొత్తం ఆమెకు అప్పగిస్తామనీ, ఉండడానికి గది కూడా ఇస్తామనీ మేట్రన్ అడిగింది. ఆలోచించుకుని చెబుతానని వచ్చింది. ఆలోచించడం కాదు, వెళ్ళాలనే ఉంది. ముఖం చూస్తే తెలిసిపోయేది. పోటీ అయ్యాక చూద్దాంలే అన్నాడు మా వాడు. మా చెల్లెలు వచ్చినప్పుడు విని, "ఒళ్ళో పిల్లలు లేనప్పుడు ఇల్లయినా కనిపెట్టుకుని ఉండాలి కదమ్మా" అంది. కోడలు ఆవిడకు మంచినీళ్ళు ఇచ్చింది.

పోటీకి ముందు ఆదివారం, ఎదుట మనిషి ఉంటే భయం పోతుందని వాడు ఆమెను ఆటకు పిలిచాడు. నేను కుర్చీలో కూర్చుని చూశాను. ఈ ఆటలో ఒక మర్యాద ఉందట. ఒకరి బంతి గుంట పక్కనే ఆగితే, ఎదుటివాళ్ళు "తీసెయ్, పడినట్టే లెక్క" అనొచ్చు. అంటే ఇక కొట్టనక్కర్లేదు. ఆ మాట అనాల్సింది మాత్రం ఎదుటివాళ్ళే. ఆమె వాడికి అడగకుండానే అంది. వాడు ఆమెకు ఒక్కసారీ అనలేదు. జానెడు దూరమైనా వంగి కొట్టమన్నాడు. ఆమె కొట్టింది, పడింది. ఆఖరికి ఇద్దరూ సమానంగా నిలిచారు. వాడి బంతి గ్లాసుకు మూరెడు ఇవతల ఆగింది. ఆమె ఏమీ అనలేదు. వాడే వంగి, బంతి తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను ఇవ్వలేదండీ" అంది.

"ఎలాగూ ఇచ్చేదానివేగా."

ఆ మాటకు ఆమెకు మేట్రన్ గుర్తొచ్చిందట. ముందు రోజు మేట్రన్ తనను చూసి ముఖం తిప్పుకుందట. ఎందుకో అప్పుడు అర్థం కాలేదట.

"మేట్రన్‌తో ఏమైనా అన్నారా?"

"ఫోన్ చేసి రాదని చెప్పా. ఎలాగూ వెళ్ళేదానివి కాదుగా. టీ పెడతావా?"

టీ పెట్టింది. నాకో కప్పు ఇచ్చి, తనో కప్పు తీసుకుని కూర్చుంది. మూడో కప్పు లేదు.

మర్నాడు మేట్రన్ దగ్గరికి వెళ్ళి, ఆ జవాబు తనది కాదని చెప్పింది. వార్డు అప్పటికే వేరే ఆమెకు ఇచ్చేశారు. ఆ వేరే ఆమె కింద మామూలు నర్సుగానే వస్తానని ఒప్పుకుని వచ్చింది. ఆ వారంలోనే పెట్టె సర్దుకుంది. గుమ్మంలో ఆగి, "మందులు బల్ల మీద పెట్టాను మామయ్యా. ఇక మీరే చూసుకోవాలి" అంది. వెళ్ళమ్మా అన్నాను.

ఇప్పుడు మా వాడు నా చుట్టూ తిరుగుతున్నాడు. "నాన్నా, నువ్వు చెబితే వింటుంది. ఒక్క ఫోన్ చెయ్యి" అంటాడు.

ఆమె తరఫున మాట్లాడిన మగవాడు ఈ ఇంట్లో ఒకడు చాలు. ఆ ఫోన్ నేను చెయ్యను. ఈ సంగతి నా నోట మళ్ళీ రాదు.