పాటకు తీసిపెట్టిన వాటా

మార్చి పదకొండో తేదీ ఇంజనీరుకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం కంపెనీలో బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. యజమాని గుడ్డు పెంకు ఒలుస్తూనే, జేబులో పట్టే డబ్బా ఒకటి తయారుచేయడానికి అతను పడ్డ రెండేళ్ల కష్టానికి గడువు పెట్టేశాడు.

"ఆటలు, పాటలు, వీడియోలు, అన్నీ ఒకే డబ్బాలోనా? రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లే మునుగుతుంటే, మీరు మూడో పడవ కూడా తెచ్చారు ఇంజనీరుగారూ."

"జేబు ఒకటే కదా సార్. మూడు వస్తువులు ఎవరు మోస్తారు?"

"ఫోను మోస్తున్నారుగా."

"ఫోనులో ఆడితే మన వేళ్లే తెరను కప్పేస్తాయి. దీనికి బటన్లున్నాయి. పాట మార్చాలన్నా చూడక్కర్లేదు, తడిమితే చాలు."

యజమాని గుడ్డు మీద ఉప్పు చల్లుకున్నాడు. "సరే. ఆదివారం మీ ఇంట్లోనే వాడి చూడండి. పొద్దున ఒక్కసారి ఛార్జింగ్ పెడితే రాత్రి పడుకునేదాకా అందరికీ పనికి రావాలి. రాలేదో, పాటలూ వీడియోలూ పీకేసి ఆటబొమ్మగా అమ్ముకుందాం."

ఇంట్లో ఉన్నది ముగ్గురే. అతను, పిడుగు అని పిలుచుకునే కూతురు, అత్తగారు. భార్య పోయాక కూడా అత్తగారు వాళ్లను వదిలి వెళ్లలేదు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. పొద్దున్నే గ్లాసులో మంచినీళ్లు మాత్రం అతని చేతికందే చోట ఉండేవి.

శనివారం ముందుగా ఒకసారి చూద్దామని డబ్బాను ఇంట్లో వదిలి పనికి వెళ్లాడు. చీకటిపడ్డాక వచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నారు. ఆవిడకు పాట వింటేగానీ నిద్ర పట్టదు.

"ఏం బాబూ, మీ డబ్బాకి నాకంటే ముందే నిద్రొచ్చింది."

పిడుగు గోడ వైపు చూస్తోంది. పొద్దుటి నుంచీ ఆడింది ఆ పిల్లే.

అతనికి ఉసూరుమనిపించింది. యజమాని మాటే నెగ్గేలా ఉంది. చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుని, పక్కన బోర్లించిన మూత తీశాడు. గిన్నెలో గుడ్డు కూర, ఇంకా గోరువెచ్చగా ఉంది.

"ఆ మూత తీయబోతే అమ్మమ్మ నా చేతి మీద ఒక్కటేసింది నాన్నా," అంది పిడుగు.

"నీ వాటా నువ్వు తిన్నావుగా. అది మీ నాన్నది," అన్నారు అత్తగారు లోపల్నుంచి.

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. ఛార్జింగ్ అంతా ఒకే గిన్నెలో పోసి, ఎవరు ముందొస్తే వాళ్లు తినేయండని వదిలేశాడు. పాటకు కావలసింది ఎంతని? తెర ఆర్పేస్తే నాలుగు మెతుకులతో సరిపెట్టుకుంటుంది. ఆ నాలుగు మెతుకుల మీద మూత పెట్టలేదు తను.

దిగ్గున లేవబోయాడు.

"తిని లేవండి," అన్నారు అత్తగారు. "డబ్బాకి కాళ్లు రాలేదింకా."

తిన్నాకే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఛార్జింగ్ ఒక గీత దాకా దిగితే ఆట, వీడియో ఆగిపోవాలి. మిగిలింది పాటది.

"నేను గెలిచేటప్పుడు ఆగిపోయిందనుకో, గోడకేసి కొడతా," అంది పిడుగు.

"ఏం చేస్తే కొట్టవు?"

"ముందే చెప్పాలి. ఆట ఎక్కడాపానో అక్కడే దాచిపెట్టాలి."

న్యాయమే అనిపించింది. అదీ చేర్చాడు.

ఆదివారం పొద్దున పిడుగు ఆడింది. మధ్యాహ్నం అతను పాత వీడియో ఒకటి చూశాడు. అందులో భార్య కనబడదు, తీసింది ఆవిడే. నవ్వు మాత్రం వినబడుతుంది. సాయంత్రం పిడుగు మళ్లీ ఆటలో పడింది. కాసేపటికి డబ్బా సన్నగా కూసింది.

"మూత పడుతోంది," అని సణుక్కుంటూ ఆట దాచుకుని, తనే తీసుకెళ్లి అమ్మమ్మ చేతిలో పెట్టింది.

అత్తగారు బటను తడుముకున్నారు. పాట మొదలైంది.

అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బజారులో ఎన్ని అమ్ముడవుతాయో ఎవరు చెప్పగలరు? ఈ ఇంట్లో ముగ్గురికీ సరిపోయింది. రేపు యజమాని ఎంత గీపెట్టినా ఇందులోంచి ఒక్కటీ పీకనివ్వడు. ఇలాంటి ఇంకో పది ఇళ్లు చూపిస్తానంటాడు, చూపిస్తాడు.

రెండో పాట సగంలోనే ఆవిడకు నిద్ర పట్టేసింది. ఆపేద్దామని చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. ఆ వాటా ఆవిడది.

చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.